తిరుత్తణికి సముద్రం

తిరువళ్ళూరు జిల్లా యువత వాతావరణాన్ని దత్తత తీసుకోబోతోందని పార్టీ జిల్లా కార్యదర్శి జయకుమార్ గారు ప్రకటించినప్పుడు, ఆ ఏసీ హాల్లో చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. ప్రసంగం రాసిచ్చిన అధికారి కాగితం మీద ‘అడాప్టేషన్’ అనే రాశాడు. జయకుమార్ గారు దాన్ని ‘అడాప్షన్’ అని చదివారు. వేదిక మీద ఒకరిద్దరికి అనుమానం వచ్చినా ఎవరూ సరిదిద్దలేదు. మారిన వాతావరణానికి తగ్గట్టు మనం సర్దుకోవడం కన్నా, దిక్కులేని వాతావరణాన్ని తెచ్చి పెంచుకోవడమే వినడానికి ఉదారంగా ఉంది.

"ఇకమీదట ఈ జిల్లాలో వాతావరణం మన పిల్లల్ని అడక్కుండా మారడానికి వీల్లేదు" అని ఆయన బల్ల గుద్దారు.

పథకం పేరు యువ వాతావరణ పరిశోధనా సేన. ప్రతి ఊళ్ళోనూ కాలేజీ పిల్లలు తమ ఊరి వాతావరణం ఎలా మారుతోందో తామే పరిశోధించాలి. తట్టుకోవడానికి ఊరు ఏం చేయాలో తామే చెప్పాలి. వాళ్ళు చెప్పింది ప్రభుత్వం చేసేస్తుంది. ఆ శుభకార్యాన్ని ప్రారంభించడానికి మంత్రిగారు స్వయంగా వస్తారు.

తిరుత్తణి సేనకు కోఆర్డినేటర్‌గా వీరరాఘవను నియమించారు. వీరరాఘవకు నలభై దాటి కొంతకాలమైంది. పార్టీ యువజన విభాగంలో అది లేత వయసు కిందే లెక్క. తిరుత్తణి బజారులో వాళ్ళకు స్టీలు పాత్రల అంగడి ఉంది. తండ్రి పోయాక దాన్ని తల్లి కన్యకాంబే నడుపుతోంది, ఎందుకంటే వీరరాఘవ ప్రజాసేవలో ఉన్నాడు. పట్టణ యువజన కార్యదర్శి పదవి ఖాళీగా ఉందని, అది తనకోసమే ఖాళీగా ఉందని అతని నమ్మకం. జయకుమార్ గారు ఎక్కడ కారు దిగినా ఆయన భుజాల మీద పడే మొదటి శాలువా అతనిదే.

"తంబీ, సైన్స్ విషయం. జాగ్రత్త" అన్నారు జయకుమార్ గారు, ఆ రోజు శాలువా కప్పించుకుంటూ.

"ప్రాణమిస్తానన్నా."

"సైన్సుకి అంత అక్కర్లేదు. జనాన్ని తెస్తే చాలు."

సేనలో చేరిన పిల్లల్లో వీరరాఘవ అక్క కూతురు యోగిత కూడా ఉంది. బీఎస్సీ చదువుతోంది. ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు నమ్మే పిల్ల. పరిశోధించండి అంటే నిజంగా పరిశోధించమనే అనుకుంది. గొడవంతా అక్కడే మొదలైంది.

సేనకు వచ్చిన టీషర్టులు నల్లవి, మందపాటి పాలియెస్టర్‌వి. వీపు మీద ‘చల్లని రేపటి కోసం’ అని తమిళంలో ఉంది, ఎదురొమ్ము మీద జయకుమార్ గారి ముఖం. అప్పటికి నడివేసవి కత్తిరి ఎండలు ఇంకా మొదలే కాలేదు. అయినా అది తిరుత్తణి. రాష్ట్రంలో ఎక్కడెక్కడ ఎండ ఎక్కువో టీవీలో చదివేటప్పుడు తమ పేరు రాకపోతే ఆ ఊరివాళ్ళకు చిన్నతనంగా ఉంటుంది. పిల్లలు ఆ చొక్కాలు తొడుక్కుని ఒక పూట తిరిగారు, ఫొటో దిగారు, విప్పి సంచుల్లో కుక్కేశారు. సేన సాధించిన మొదటి పరిశోధనా ఫలితం అదే.

తర్వాత యోగిత, ఆమె క్లాసులోనే చదివే ముకేశ్, మిగతా పిల్లలూ థర్మామీటర్లు పట్టుకుని బస్టాండులో నిలబడ్డారు. కొండ మెట్ల కింద పూలమ్మేవాళ్ళ పక్కన కూర్చున్నారు. ఊరి చివర రేకుల షెడ్లలో మరమగ్గాలు నడిపేవాళ్ళతో మాట్లాడారు. ఊరి మైదానం పక్కనున్న అంగన్‌వాడీకి వెళ్ళారు. దాని కప్పు కూడా రేకులే. మధ్యాహ్నం పిల్లలు నిద్రపోరని, సొమ్మసిల్లేదాకా ఏడుస్తారని అక్కడి టీచర్ ఎస్తేర్ చెప్పింది. ముకేశ్ వాళ్ళింట్లో మిగిలిన సున్నం తెచ్చాడు. అందరూ కలిసి ఎక్కి ఆ రేకులకు దట్టంగా పూత వేశారు. మర్నాడు మధ్యాహ్నం యోగిత వెళ్ళి చూస్తే, గదిలో అన్ని తలలూ చాప మీద వరసగా ఉన్నాయి. ఎస్తేర్ నోటి మీద వేలు పెట్టి ఆమెను గుమ్మంలోనే ఆపింది.

అక్కణ్ణుంచి యోగిత నేరుగా మామ దగ్గరికి పరుగెత్తింది.

"మామా, లోపల వేడి బాగా తగ్గినాది! రేకుల షెడ్లన్నిటికీ తెల్ల సున్నం కొట్టిస్తే చాలు. బస్టాండులో నీడ, తాగేదానికి నీళ్ళు. మధ్యానం మగ్గాలాపి చల్లబడినాక ఆడించుకునేదానికి ఓనర్లని ఒప్పించాల. ఇదే మా రిపోర్టు."

వీరరాఘవ ముఖం వాడిపోయింది.

"సున్నమా?"

"అవును మామా."

"ఇంత పెద్ద గ్లోబల్ వార్మింగ్‌కి సున్నమా పాపా? మంత్రి వచ్చి ఏం చేయాల? సున్నం డబ్బాకి రిబ్బన్ కట్ చేయాల్నా?"

"నిజంగానే తగ్గింది కదా మామా."

"తగ్గితే తగ్గింది. గ్రాండ్‌గా తగ్గలే."

అయినా అతను బాధ్యత మరిచే మనిషి కాదు. పిల్లల రిపోర్టుకు మెరిసే అట్ట వేయించి, పైన జయకుమార్ గారి ఫొటో అతికించి, తిరువళ్ళూరులో ఈ పథకం చూసే స్పెషల్ ఆఫీసర్ దామోదరన్ గారి దగ్గరికి తీసుకెళ్ళాడు.

దామోదరన్ గారు ఆంధ్ర సరిహద్దులోని ఊత్తుకోటలో పనిచేసిన రోజుల్లో తెలుగు నేర్చుకున్నారు. రిపోర్టును రెండు చేతులా అందుకుని, తెరవకుండానే మెచ్చుకున్నారు.

"వెరీ గుడ్. పిల్లలు ఇన్వాల్వ్ అయినారు. మనకు ఇన్వాల్వ్‌మెంటే ముఖ్యం. ఇదిగో, మీ ఊరి రిజల్టు."

ఆయన ఇచ్చిన పుస్తకం అప్పటికే అచ్చయి ఉంది. చెన్నైలో కన్సల్టెంట్లు తయారుచేశారట. జిల్లాలో ప్రతి ఊరికీ ఒక అధ్యాయం. వీరరాఘవ ఆత్రంగా తిరుత్తణి అధ్యాయం తీశాడు. ‘సముద్ర మట్టం పెరుగుదల: పడవలు, ఈత శిక్షణ’ అని ఉంది. పేజీలు ముందుకూ వెనక్కూ తిప్పాడు. కాట్టుపల్లి అధ్యాయంలో కొండచరియలు విరిగిపడుతున్నాయి.

"సార్, ఇది కొంచెం తారుమారైనట్టుండాది."

"ఎక్కడ?"

"కాట్టుపల్లి సముద్రం ఒడ్డున ఉండాది సార్. కొండ మాది."

దామోదరన్ గారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు. తీసి బల్ల మీద పెట్టారు.

"ప్రింట్ అయిపోయింది కదా."

"మా ఊర్లో సముద్రం లేదు సార్."

"ఇప్పుడు లేదు. క్లైమేట్ చేంజ్ అంటే ఏమిటి? ఇప్పుడు లేనిది రేపు రావడం. మీరు రీసెర్చ్ కోఆర్డినేటర్. తిరుత్తణికి సముద్రం ఎప్పటికీ రాదని మీరు గ్యారంటీ ఇస్తారా?"

వీరరాఘవ ఆలోచించాడు. పై నాయకత్వాన్ని అడక్కుండా సముద్రం విషయంలో అంత పెద్ద మాట అనడం మంచిది కాదనిపించింది.

"ఇవ్వలేను సార్."

"చూశారా!"

"కాకపోతే సార్, అది మా ఊరికి రావాలంటే పొన్నేరి దాటి, తిరువళ్ళూరు దాటి రావాల. అంటే ముందు మీ ఆఫీసు మునిగి..."

"మా ఆఫీసు మూడో అంతస్తు" అన్నారు దామోదరన్ గారు నిశ్చింతగా.

"మరి పిల్లలు ఎండ ఎండ అంటుండారు?"

"ఎండ వేరే ఊరికి అలాట్ అయింది. ఒక ఊరికి ఒకటే వల్నరబిలిటీ. రెండు ఇస్తే పక్క ఊరివాళ్ళు ఊరుకుంటారా?"

ఆ న్యాయం వీరరాఘవకు వెంటనే అర్థమైంది. తిరుగు రైలెక్కినప్పుడు మనసు కాస్త భారంగానే ఉంది. అరక్కోణం వచ్చేసరికి తేలికపడింది. సున్నానికి లేని హుందాతనం పడవకు ఉంది. పడవ ముందు నిలబడి ఫొటో దిగవచ్చు.

పడవ లారీ మీద వచ్చింది. నారింజ రంగు, రెండు పక్కలా తాళ్ళు, నడిమధ్య గుడ్డతో చిన్న పందిరి. బజారు వీధి మలుపులో కరెంటు తీగలకు తగలకుండా మనుషులు వెదురుకర్రలతో తీగలు పైకెత్తి పట్టారు. కొండమీది స్వామి తెప్పోత్సవానికి ఎవరో మొక్కు చెల్లించారనుకుని ఆడవాళ్ళు పడవకు పసుపు కుంకుమ పెట్టారు. ఒకరు కొబ్బరికాయ కొట్టారు. మైదానంలో ఇటుక దిమ్మెలు కట్టి దాన్ని పైకెక్కించారు, సముద్రం వస్తే అడుగు తడవకుండా.

"అన్నా, ఏట్లోనే నీళ్ళు లేవు. దీన్ని యాడ తోలాల?" అని ముకేశ్ అడిగాడు.

"తోలేది కాదు ముకేశూ. ఉండేది. దీన్ని ప్రిపేర్డ్‌నెస్ అంటారు" అన్నాడు వీరరాఘవ. ఆ మాట అచ్చు పుస్తకంలో చూసి రైల్లోనే బట్టీ పట్టాడు.

ఈత శిక్షణ కూడా మొదలైంది. నీళ్ళు ఈ పద్దు కింద శాంక్షన్ కాలేదని దామోదరన్ గారు కబురు పెట్టడంతో, కాలేజీ ఇనప బెంచీలు మైదానంలోకి మోయించి పిల్లలను వాటి మీద బోర్లా పడుకుని చేతులాడించమన్నారు. ఎండకు కాలిన బెంచీల మీద పొట్ట ఆనగానే పిల్లలు ఊహించనంత వేగంగా ఈదారు. వీరరాఘవ అది వీడియో తీసి జయకుమార్ గారికి పంపాడు. ఆయన బొటనవేలి బొమ్మ తిరిగి పంపారు. అతను దాన్ని తల్లికి చూపించాడు.

"వేలు చూపిస్తే పదవి ఇచ్చినట్టేనా?" అంది కన్యకాంబ, గిన్నెలు తుడుస్తూ.

ఇంతలో మైదానంలో జరగబోయే ప్రారంభోత్సవాన్ని డ్రోన్‌తో తీస్తారని తెలిసింది. పైనుంచి చూస్తే తన ఊరు ఎలా ఉంటుందా అని వీరరాఘవ జీవితంలో మొదటిసారి ఆలోచించాడు. మైదానం పక్కనే అంగన్‌వాడీ కప్పు. తెల్లగా, ఖాళీగా, ఎవరి పేరూ లేకుండా ఉంది. పెయింటర్‌ను పిలిచి దానికి నల్ల ఆయిల్ పెయింట్ కొట్టించాడు. దాని మీద పసుపు అక్షరాలతో మంత్రిగారికీ, జయకుమార్ గారికీ, వాతావరణానికీ స్వాగతం రాయించాడు.

యోగిత సైకిలు స్టాండ్ కూడా వేయకుండా పడేసి వచ్చింది.

"మామా, నలుపు ఎండని పీల్చుకుంటాది! కింద పిల్లలుండారు!"

"తెలుపు మీద పసుపు ఎత్తి కనిపించదు పాపా."

"మళ్ళా ఏడుస్తుండారు. ఎస్తేర్ టీచర్ గుమ్మంలో కూర్చోబెట్టుకుని విసురుతుండాది. ఒక్కసారి వచ్చి చూడు."

"మంత్రి పోయినాక మళ్ళా తెల్లగా కొట్టిద్దాం. నా మాట."

ఆ రోజు నుంచి యోగిత మామతో మాట్లాడటం మానేసింది. ఈ కాలపు యువతలో ఓపిక తగ్గిపోయిందని, అది కూడా వాతావరణ మార్పు వల్లే కావచ్చని అతను బాధపడ్డాడు.

మంత్రిగారు పొద్దున్నే వస్తారన్నారు. కాబట్టి జనాన్ని ఇంకా పొద్దున్నే కూర్చోబెట్టారు. కత్తిరి నడుస్తోంది. కుర్చీలు నింపే బాధ్యత వీరరాఘవది. బజారు వీధి ఆడవాళ్ళను, మగ్గాల షెడ్ల వాళ్ళను, బంధువులను పిలుచుకొచ్చాడు. ముందు వరస నిండుగా ఉండాలని తల్లిని కూడా పిలిచాడు.

"అంగడి మూసి యాడ వచ్చేది?" అంది ఆమె.

"నేను సెక్రటరీ అయ్యేది చూడాల్సింది నువ్వు కదమ్మా."

కన్యకాంబ పెట్టెలోంచి పట్టుచీర తీసింది.

వేదిక మీద పందిరి ఉంది, ఎయిర్ కూలర్లు ఉన్నాయి. జనం మీద పందిరి లేదు. షామియానా వేస్తే డ్రోన్‌కు జనం కనబడరు. జనం కనబడకపోతే వాళ్ళు వచ్చి లాభమేమిటి? యోగిత, ముకేశ్ బిందెల్లో నీళ్ళు తెచ్చి అందరికీ పోయబోతే, గ్లాసులు ఎత్తుకుని తాగుతున్న జనం ఫ్రేములో బాగుండరని వాలంటీర్లు ఆపారు.

సూర్యుడు నడినెత్తికి వచ్చాడు, మంత్రిగారు రాలేదు. ఎండకు వాడిపోయిన ప్రజల కోసం దారిలో మజ్జిగ పందిరి ప్రారంభిస్తున్నారని కబురొచ్చింది. ఇంకాసేపటికి ప్రజలతో కలిసి పుచ్చకాయ తింటున్నారని వచ్చింది. యోగిత మౌనవ్రతం వదిలి వేదిక దగ్గరికి వచ్చింది.

"మామా, అవ్వ ముఖం చూడు. ఇంటికి పంపించేస్తా."

వీరరాఘవ చూశాడు. తల్లి ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. అతన్ని చూసి నవ్వబోయింది కూడా.

"ముందు వరసలో ఖాళీ కుర్చీ ఉంటే ఎట్ల పాపా? వచ్చేసినారంట. రవ్వంత ఓర్చుకోమను."

సైరన్ వినబడగానే జనం లేచి నిలబడ్డారు. కన్యకాంబ కూడా లేచింది. లేచినట్టే లేచి ముందుకు ఒరిగి పడిపోయింది.

యోగిత, ముకేశ్ ఆమెను ఎత్తుకున్నారు. నీడ కోసం చుట్టూ చూశారు. ఆ మైదానంలో జనానికి అందే నీడ ఒకటే ఉంది, పడవలో గుడ్డ పందిరి కింద. ఆమెను పడవలోకి చేర్చి పడుకోబెట్టి, బిందెలు ఎత్తి తల మీద, ఒంటి మీద నీళ్ళు కుమ్మరించారు. పట్టుచీర తడిసి ముద్దయింది. సరిగ్గా అప్పుడే మంత్రిగారు కారు దిగారు. ఎదురుగా పడవ. పడవలో నిలువునా తడిసిన ముసలామె. చుట్టూ ఆందోళనగా యువత.

"ఏమిటిది?" అన్నారు మంత్రిగారు.

దామోదరన్ గారి ఇన్నేళ్ళ సర్వీసూ ఆ ఒక్క ప్రశ్న కోసమే ఆయన్ను సిద్ధం చేసినట్టుంది.

"డెమో సార్. సముద్రంలో పడిన వృద్ధురాలిని మన యువసేన కాపాడుతోంది."

మంత్రిగారు ముగ్ధులయ్యారు. "ఎంత సహజంగా చేస్తోందీమె!" అంటూ పడవ దగ్గరికి వెళ్ళి, లైఫ్ జాకెట్ తెప్పించి తన చేతుల్తో ఆమెకు తొడిగారు. డ్రోన్ కిందికి దిగి తల మీద గుండ్రంగా తిరిగింది.

"యాక్టింగ్ కాదు సార్! మా అవ్వ! ఎండదెబ్బ తగిలింది, అంబులెన్స్ పిలవండి!" అని యోగిత తమిళంలో అరిచింది.

"డైలాగులు కూడా బాగున్నాయి" అన్నారు మంత్రిగారు.

వేదిక మీద మైకు ముందున్న వీరరాఘవ ఒక మెట్టు దిగాడు. పక్కనే నిలబడ్డ జయకుమార్ గారు అతని చెయ్యి పట్టుకున్నారు.

"తంబీ, ఇప్పుడు దిగితే కొడుకువి. నిలబడి మాట్లాడితే సెక్రటరీవి."

పడవ అంచు మీదుగా తల్లి కాలు ఒకటి వేలాడుతోంది. చెప్పు జారిపోయింది. ఆ కాలు కదులుతుందేమోనని వీరరాఘవ చూశాడు. కదిలిందో లేదో, అంత దూరం నుంచి తెలియలేదు. కదిలిందనే అనుకున్నాడు. దిగిన మెట్టు మళ్ళీ ఎక్కి మైకు అందుకున్నాడు. కొండంత అలలు వర్ణించాడు. వాటిలో కొట్టుకుపోతున్న ఒక తల్లిని వర్ణించాడు. ప్రాణాలకు తెగించి దూకిన యువతను వర్ణించాడు. మధ్యలో పడవ వైపు చూసి ఆగిపోయాడు. జనానికి అక్కడే బాగా నచ్చింది.

అంబులెన్స్ వచ్చింది కానీ మంత్రిగారి కార్ల వరసకు అవతల ఆగిపోయింది. ముకేశ్ వెనక సందులోంచి ఆటో తెచ్చాడు. జాకెట్ పట్టీలు ఎలా విప్పాలో శిక్షణలో ఎవరూ చెప్పలేదు కాబట్టి, కన్యకాంబ లైఫ్ జాకెట్‌తోనే ఆసుపత్రిలో చేరింది.

సాయంత్రం వీరరాఘవ వార్డులోకి వచ్చేసరికి ఆమెకు సెలైన్ ఎక్కుతోంది. కళ్ళు తెరిచే ఉంది. యోగిత పక్కన కూర్చుని అట్టముక్కతో విసురుతోంది. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని డాక్టర్ చెప్పి వెళ్ళాడు. ఆ మాట మామకు యోగిత రెండుసార్లు చెప్పింది. వీరరాఘవ తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని, పాదాలు చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత జేబులో ఫోను మోగింది. దామోదరన్ గారి మెసేజ్. పథకం కింద రాష్ట్రంలోనే మొదటి ప్రాణం తిరుత్తణిలో కాపాడబడిందని, ప్రెస్‌కు ఫొటో ఇచ్చేశామని ఉంది.

"ఏమయ్యిందిరా నాకు?" అంది కన్యకాంబ నీరసంగా.

"సముద్రంలో పడినావంటమ్మా."

"తిరుత్తణిలో సముద్రం యాడుండాదిరా?"

"ఇంకా రాలేదు. ఆర్డర్ వచ్చుండాది."

యోగిత విసరడం ఆపి మామ ముఖంలోకి చూసింది. అంతలో ఫోను మళ్ళీ మోగింది. ఈసారి జయకుమార్ గారు. వీరరాఘవ గబుక్కున లేచి నిలబడి, వంగి, "అన్నా... అన్నా... సరేనన్నా..." అన్నాడు. అతని ముఖం ఒకసారి చీకటి పడి, మళ్ళీ తెల్లవారింది.

"ఏమంటాడు?"

"యూత్ సెక్రటరీ పోస్టు ఆయన బామ్మర్ది కొడుక్కి ఇచ్చినారంటమ్మా. నాకు వేరే పదవి. మీనవర్ అణి, పట్టణ కార్యదర్శి."

"అంటే ఏంది?"

"చేపలు పట్టేవాళ్ళ సంఘానికి లీడర్."

"మనింట్లో చేప ముఖం చూసినోళ్ళు లేరు కదరా. ఊర్లో పట్టేవాళ్ళు యాడుండారు?"

"అందుకే మంచిదన్నారు. పోటీ ఉండదంట."

వీరరాఘవ కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. బయట పొద్దు వాలుతున్నా రోడ్డు మీంచి సెగ ఇంకా కొడుతూనే ఉంది. కార్యదర్శి అన్నాక వెనకాల సభ్యులుండాలి, సభ్యులుంటేనే టికెట్ అడగడానికి బలం. అతను దీర్ఘంగా ఆలోచించి, మేనకోడలి వైపు తిరిగాడు. ఈ పథకం మొదలయ్యాక పరిశోధన ఫలితం కోసం అతను అంత ఆత్రపడటం అదే మొదటిసారి.

"పాపా, మీ సేన ఒకటి గట్టిగా పరిశోధించి చెప్పాల. సముద్రం మున్సిపల్ ఎలక్షన్ లోపల వస్తాదా, రాదా?"